అరవని పెట్టె

“మీ తమ్ముడంటే మీకు కుళ్ళు. అవునా, కాదా?”

జిడ్డు ఎవరినైనా మొదట ఇలాంటి ప్రశ్నే అడుగుతాడు. అవతలివాడు భుజాలు తడుముకుంటే అందులోనే సగం జవాబు దొరుకుతుందని అతని నమ్మకం. కానీ తాళాల కొట్టు పెద్దాయన భుజాలు తడుముకోలేదు. చేతిలో ఉన్న తాళంచెవిని ఆకురాయితో రుద్దడం కూడా ఆపలేదు.

“కుళ్ళే,” అన్నాడు. “కాదంటే మీరు నమ్ముతారా?”

ఇంత నిక్కచ్చిగా ఒప్పుకున్న మనిషిని జిడ్డు తన డిటెక్టివ్ బతుకులో చూడలేదు. పట్టుకుంటే వదలడని లోకం అతనికి ఆ పేరు పెట్టింది గానీ, ఈసారి పట్టుకోకముందే అవతలివాడు చేతికి దొరికిపోయాడు. అదే అతనికి నచ్చలేదు.

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం పక్క కొట్లో, పెద్దాయన సొంత తమ్ముణ్ణి ఎవరో వెనకనుంచి గోడౌన్ తాళంతో తల మీద మోదారు. ఊపిరి ఉంది, స్పృహ లేదు. వెనక వీధిలోని ఆసుపత్రిలో ఉన్నాడు. గల్లాపెట్టెలో డబ్బు పోలేదు, సరుకు పోలేదు. పోయిందల్లా ఒక్కటే: కొన్నవాళ్ళు ఫోన్‌తో డబ్బు పంపగానే ‘ఇంత అందింది’ అని గట్టిగా చెప్పే చిన్న మాటల పెట్టె. అది పెద్దాయన కొట్టు వెనక గుమ్మం దగ్గరున్న తుక్కు డబ్బాలో, బద్దలై, దొరికింది. ఇక ఇన్‌స్పెక్టర్ బుర్ర బద్దలు కొట్టుకోవలసిన పనేముంది? సాయంత్రానికి పెద్దాయన్ని తీసుకుపోతానని చెప్పి, అందాకా కొట్టు ముందు తుపాకీతో ఒక కానిస్టేబుల్‌ని నిలబెట్టాడు.

జిడ్డుని ఈ పనిలో పెట్టింది తమ్ముడి భార్య. “మా బావగారికి కుళ్ళున్న మాట నిజమేనండీ, అన్నయ్యగారూ. కానీ కుళ్ళున్నవాడు చూస్తూ కూర్చుంటాడు, చెయ్యెత్తడు,” అని ఆవిడ పొద్దున్నే ఆఫీసుకొచ్చి అన్న మాట జిడ్డుకి ముల్లులా గుచ్చుకుంది. ఎందుకు గుచ్చుకుందో అతనికే తెలుసు. కాసేపట్లో మనకీ తెలుస్తుంది.

“‘ఫోన్లో డబ్బు తీసుకోం’ అని బోర్డు పెట్టారు. ఎందుకు తీసుకోరు?”

“లెక్క చెబుతా వినండి,” అన్నాడు పెద్దాయన. “వందకి రూపాయిన్నర కంపెనీవాడు కోసుకుంటాడు. ఆ పెట్టెకి నెలనెలా అద్దె. ఒక తాళంచెవి కోస్తే నాకు మిగిలేదే పది రూపాయలు. అందులో వాడి వాటా తీసి, నెట్‌వర్క్ లేదు రేపు పంపుతాలే అని పోయేవాడి వాటా కూడా తీసేస్తే, చివరికి నాకు మిగిలేది ఇత్తడి పొడి.”

“మరి మీ తమ్ముడికి గిట్టుబాటైంది కదా?”

ఆకురాయి ఆగింది.

“వాడికి బేరాలొచ్చాయి. చిల్లర లేనివాడు, పర్సు మరిచినవాడు, చేతిలో ఫోను తప్ప జేబులో పైసా ఉండని కుర్రకారు, అందరూ నా గుమ్మం దాటి వాడి గుమ్మం ఎక్కారు. ఒక్క కొట్టుకి నడుమ చెక్క కొట్టించి రెండు చేశాడు మా నాన్న. ఆ చెక్క అంగుళం మందం లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా రెండొందలు అందాయి, నాలుగొందలు అందాయి అని నా చెవిలోనే అరుస్తుంది. అది పెట్టిన రోజు, పనిచేస్తోందో లేదో చూడ్డానికని కంపెనీ మనిషి తన ఫోన్లోంచి రూపాయి పంపాడు. ఒక్క రూపాయి అందింది, అంది. ఆ రూపాయి ఇక్కడ దిగింది సార్.” గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “ఇంకా బయటికి రాలేదు.”

“దాన్ని బద్దలు కొడతానని అన్నారట.”

“ఒకసారి కాదు, పదిసార్లు అన్నాను. వీధి వీధంతా విన్నది.”

“నిన్న చివరిసారి ఎంత అందిందని అరిచింది?”

“అరవలేదు.”

“అంటే, మీరు వినేటప్పటికి…”

“నిన్న అసలు నోరే తెరవలేదంటున్నాను. పొద్దున్నుంచి ఒక్కటంటే ఒక్కసారి లేదు. నాకే అనుమానమొచ్చి చెక్కకి చెవి పెట్టి విన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నా. జనం వస్తున్నారు, పోతున్నారు, తాళంచెవుల మిషను తిరుగుతోంది. పెట్టె మాత్రం కిక్కురుమనలేదు. పాడైంది కాబోలు, దేవుడున్నాడు అనుకున్నా. మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నా. ఎన్నాళ్ళకో కన్ను మూతపడింది.” ఆయన తాళంచెవిని బల్ల మీద పడేశాడు. “చెక్కకి ఇవతల నేను గురక పెడుతుంటే అవతల వాణ్ణి కొట్టారు. అది ఎప్పట్లాగే అరిచుంటే నాకు నిద్ర పట్టేది కాదు. వాడి మూలుగైనా వినేవాణ్ణి.”

జిడ్డు నమ్మాడు. కోర్టులో ఇది సాక్ష్యం కాదు. అయినా నమ్మాడు, ఎందుకంటే కుళ్ళుకునేవాడి చెవి ఎలాంటిదో అతనికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఒకప్పుడు తన దగ్గర పని నేర్చుకున్నవాడే ఇప్పుడు ఫోన్ చెల్లింపుల కంపెనీలో మోసాలు పట్టే విభాగానికి పెద్ద. ఎండలో తిరిగినా మాయని చొక్కా వేసుకుంటాడు కనక అందరూ తెల్లచొక్కా అంటారు. ఆ తెల్లచొక్కా కారు ఎప్పుడు మార్చాడో, ఆఫీసులో ఎన్నో అంతస్తు గది ఇచ్చారో, ఏ పేపర్లో ఎంత ఫొటో పడిందో, జిడ్డుని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. కన్నకొడుకు ఏ క్లాసు చదువుతున్నాడంటే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి.

పక్క కొట్లో అడుగు పెట్టగానే ఆ తెల్లచొక్కాయే ఎదురయ్యాడు.

“రండి రండి, గురువుగారూ! మీకు శ్రమ లేకుండా మేమే తేల్చేశాం.”

‘గురువుగారూ’ అన్నప్పుడల్లా వాడి పెదవి ఒక పక్కకి లేస్తుంది. జిడ్డుకి అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కనే ఇన్‌స్పెక్టర్ తమ్ముడి కుర్చీలో కూర్చుని, బద్దలైన పెట్టెని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని చూసుకుంటున్నాడు.

“ఒంటిగంటా నలభైకి రెండువేల ఆరొందలు పడ్డాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కంపెనీ రికార్డు. మీ శిష్యుడే తీసిచ్చాడు. రెండింటికి తాళంచెవి కోయించుకోడానికొచ్చినవాడు, మనిషి కిందపడి ఉండడం చూశాడు. ఆ ఇరవై నిమిషాల్లోనే అంతా.”

“రెండువేల ఆరొందలు సార్!” తెల్లచొక్కా అందుకున్నాడు. “ఆ చెక్క అవతల పొద్దున్నుంచి బోణీ లేని అన్న. ఇవతల ఇలా.” చేతిలోని తోలు సంచిలోంచి కొత్త పెట్టె ఒకటి తీసి మీట నొక్కాడు. అది కొట్టంతా మారుమోగేలా స్వాగతం చెప్పింది. లోపల అలాంటివి ఇంకా రెండు మూడు ఉన్నాయి. “ఈ గొంతు విన్నాక ఆయనకి తిక్క రేగింది. వెనక గుమ్మంలోంచి వచ్చాడు, తమ్ముణ్ణి కొట్టాడు, పెట్టెని పగలగొట్టి తన తుక్కులో పారేశాడు.”

“అతికినట్టు సరిపోయింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సరిపోయింది. అదే జిడ్డుకి మింగుడు పడలేదు. తెల్లచొక్కా చెప్పిన ఏ సంగతీ అతనికి మింగుడు పడదు. కనక ఇది తన బుర్ర ఒప్పుకోకపోవడమా, తన కడుపు ఒప్పుకోకపోవడమా అని తనని తానే అడుగుతూ బల్ల మీదికి వంగాడు.

తాళంచెవులు కోసే మిషను, దాని పక్కన క్యాలిక్యులేటర్, చిన్న ఫ్యాను, రసీదుల పుస్తకం. అన్నిటి మీదా పసుపు పట్టించినట్టు ఒక పొర. బొటనవేలితో క్యాలిక్యులేటర్ మీటలు రుద్దాడు. వేలు జిగటగా పసుపెక్కింది గానీ మీటల మీద పసుపు పోలేదు. మిషనుకి పోసే నూనె, కోసినప్పుడు రేగే ఇత్తడి పొడి కలిసి గట్టిపడిన మడ్డి అది. ఫ్యాను రెక్కలకీ ఉంది, గోడ గడియారానికీ ఉంది.

“ఆ పెట్టె ఒకసారి ఇస్తారా?”

ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ ఇచ్చాడు. దాని మీదా ఇత్తడి పొడి ఉంది, తుక్కు డబ్బాలో పడింది కదా మరి. జిడ్డు నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదాడు. పొడంతా ఎగిరిపోయింది. కింద నల్లటి ప్లాస్టిక్ నిగనిగలాడింది. గొంతు వచ్చే చోట ఉండే సన్నని బెజ్జాల్లో ఒక్కదాంట్లో కూడా మడ్డి లేదు.

ఇక్కడ జిడ్డు నోరు మూసుకుని ఉండవలసింది. నోట్లో నువ్వుగింజ నానని మనిషేం కాదతను, నెలల తరబడి గుట్టు దాచినవాడు. కానీ ఎదురుగా ఉన్నది తెల్లచొక్కా. వాడి మొహం ఒక్కసారి, ఒకే ఒక్కసారి వాడిపోతే చూడాలని ఎన్నేళ్ళ నుంచో ఆశ.

“ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ కొట్లో నాలుగు రోజులుంటే ఈగకైనా నూనెమడ్డి పడుతుంది. ఈ పెట్టె ఈ కొట్టుది కాదు.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. తెల్లచొక్కా మొహం వాడలేదు. కనురెప్ప మాత్రం ఒకసారి ఎక్కువ కొట్టుకుంది.

“భలే పట్టారు గురువుగారూ! కొత్తదే. పాతది పాడైందంటే మొన్న సాయంత్రమే మార్చాం. పాతది వెనక్కి తీసుకుపోయాం కూడా. దీని నంబరు నేనే సరిచూసి సార్‌కి రాసిచ్చాను కదా.”

“రాసిచ్చాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్, మళ్ళీ వెనక్కి వాలి.

“కొత్త పెట్టె అయితే నిన్న పొద్దున్నుంచి ఒక్కసారీ ఎందుకు అరవలేదు?”

“అరవలేదని ఎవరన్నారు?”

“పక్కకొట్టాయన.”

ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. “దొంగని అడిగి తెలుసుకున్నారా? బావుంది!”

“నవ్వకండి సార్,” అన్నాడు తెల్లచొక్కా, ఎంతో జాలిగా. “పక్కవాడు బాగుపడుతుంటే కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళు ఉంటారు. ఉన్నది వినపడదు, లేనిది కనపడుతుంది. పెద్దాయనకి తమ్ముడి మీద ఎంతుందో, గురువుగారికి నా మీద అంతుంది. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచీ చూస్తున్నా. పాపం, ఆయన తప్పు కాదు.”

ఇన్‌స్పెక్టర్ జిడ్డు వంక చూసిన చూపులో కోపం లేదు, ఎగతాళి కూడా లేదు. జాలి ఉంది. జిడ్డుకి తల కొట్టేసినట్టయింది. గురువుగారి కుళ్ళు గురించి వాడన్నదాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

“నేను ఆసుపత్రికి వెళ్తాను సార్. వైద్యం ఖర్చు కంపెనీ తరఫున చూసుకోమన్నారు,” అంటూ తెల్లచొక్కా సంచి సర్దుకున్నాడు. పోతూ పోతూ వంగి బల్ల కింది అరలోకి ఒకసారి చూశాడు. పై అల్మరా వైపు కూడా ఒకసారి. జిడ్డు ఆ చూపుని మనసులో వేసుకున్నాడు.

“సాయంత్రం అయిదు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “అంతకంటే ఆగను.”

తమ్ముడి ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తి దిగింది. దారంతా జిడ్డుని ఒకటే ప్రశ్న తొలిచేసింది. తెల్లచొక్కా చోట ఇంకెవరైనా ఆ మాటే చెబితే తను నమ్మేవాడు కాదా? పెట్టె మార్చామంటే మార్చి ఉండొచ్చు. కుళ్ళుబోతు చెవిని నమ్మి, కుళ్ళుబోతు కడుపుతో ఆలోచిస్తే, ఒక ముసలాయన్ని కాపాడబోయి నవ్వులపాలు కావడమే మిగులుతుందేమో.

తమ్ముడి భార్య అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చినట్టుంది, తడి తలకి తువ్వాలు చుట్టుకుని తలుపు తీసింది.

“అమ్మా, ఒక్కటే అడుగుతా. కంపెనీవాళ్ళు మొన్న మీవారికి కొత్త పెట్టె ఇచ్చారటగా?”

“కొత్తదా?” ఆవిడ తెల్లబోయింది. “పాతది ఇంట్లో పెట్టుకుని కొత్తది ఎందుకిస్తారండీ?”

జిడ్డు గుమ్మంలోనే నిలబడిపోయాడు. “పాతది… ఇంట్లో ఉందా?”

ఆవిడ బట్టల బీరువా తెరిచి, చీరల అడుగునుంచి ఒక మూట తీసింది. విప్పితే లోపల పెట్టె. ఒకప్పుడు నల్లగా ఉండేది కాబోలు, ఇప్పుడు పసుప్పచ్చగా ఉంది. బెజ్జాలన్నీ మడ్డితో పూడుకుపోయి ఉన్నాయి. జిడ్డు బొటనవేలితో రుద్దాడు. వేలు పసుపెక్కింది, పెట్టె పసుపు వదల్లేదు.

“ఇది ఇంటికెందుకొచ్చింది?”

ఆవిడ మంచం పట్టె మీద కూలబడింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. “పరువు పోతుందని పోలీసులకి చెప్పలేదండీ. ఆ అరుపుల్లో సగం దొంగ అరుపులు.”

“అర్థం కాలేదమ్మా.”

“ఈయన నా ఫోన్లో డబ్బు వేస్తారు. నేను వంట చేసుకుంటూ ఇక్కణ్ణించి కొట్టుకి పంపుతా. అక్కడ పెట్టె అరుస్తుంది. సాయంత్రం అదే డబ్బు మళ్ళీ నా ఫోన్లోకి. తిప్పిన ప్రతిసారీ వందకి రూపాయిన్నర కోత.”

“ఎందుకు?”

“బావగారికి వినపడాలని.”

పొరుగువాడికి అపశకునమని ముక్కు కోసుకున్నవాడి సంగతి జిడ్డు చిన్నప్పుడు విన్నాడు. ఆ ముక్కుకి రోజూ కమీషన్ కట్టినవాడి సంగతి వినడం ఇదే మొదలు.

“తాళం చూడగానే చెవి కోసేసే విద్య మామగారు బావగారికే నేర్పారు,” అంది ఆవిడ. “పాత బేరాలన్నీ ఆయనకే. పని తెలిసినవాళ్ళంతా ఆ గుమ్మమే ఎక్కుతారు. ఈయన మిషను మీద కోసిన చెవులు సగం వెనక్కొస్తాయి. ఫోనువాళ్ళు కాసిని బేరాలు తెచ్చారు గానీ, కోతలూ అద్దెలూ పోను చేతికొచ్చింది అంతంత మాత్రమే. నా అరుపు విని వాడు ఏడవాలి అనేవారు. అంతే, ఇంకేం లేదండీ.”

“మరి ఎందుకు మానేశారు?”

“కంపెనీలో ఒకాయన కనిపెట్టాడు. పట్టుకోవలసినవాడే, ఇంకా బాగా తిప్పు, అమ్మకాలు ఎక్కువ కనపడితే పెద్ద అప్పు ఇప్పిస్తా, సగం నాది అన్నాడట. అప్పొచ్చింది. ఆయన సగం ఆయన పట్టుకుపోయాడు, అప్పు మొత్తం ఈయన మెడకి చుట్టుకుంది. మొన్న రాత్రి ఈ పెట్టె తెచ్చి, రేపు దీన్ని వాడి మొహాన కొట్టి అన్నయ్యకి అంతా చెప్పేస్తా అన్నారు. పొద్దున గుమ్మం దగ్గర పెట్టుకున్నారు, మతిమరుపు మనిషి, వదిలేసి వెళ్ళారు.”

“ఆ కంపెనీ మనిషిని మీరు చూశారా?”

“లేదండీ. అన్నీ కొట్టు దగ్గరే.”

చూడనక్కర్లేదు. దొంగ అమ్మకాలు కనిపెట్టే ఉద్యోగం ఎవరిదో జిడ్డుకి తెలుసు. వాడొచ్చాడు. ఇక దాచనన్నాడు తమ్ముడు. తాళం లేచింది. నేరం అన్న నెత్తిన వేయడానికి పెట్టె కోసం వెతికితే కనపడలేదు, సంచిలోంచి ఒకటి తీసి పగలగొట్టాడు. పాతది వెనక్కి తీసుకుపోయామని ఇందాక ఇన్‌స్పెక్టర్ ఎదుటే అబద్ధమాడాడు. ఆ అబద్ధం ఇప్పుడు పసుప్పచ్చగా జిడ్డు చేతిలో ఉంది. జన్మలో మొదటిసారి తెల్లచొక్కాని తలుచుకుంటే అతనికి కుళ్ళు పుట్టలేదు.

“మీట నొక్కితే కొట్టు పేరు చెబుతుందా?”

“చెబుతుందండీ.”

నొక్కాడు. పెట్టె గరగరలాడి, కొట్టు పేరు చెప్పి స్వాగతం అంది. ఇది చాలు. ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఒక్కసారి నొక్కితే పెద్దాయన ఇంటికి పోతాడు. జిడ్డు దాన్ని మళ్ళీ మూటగుడ్డలో చుట్టబోయాడు.

“ఒక్క రూపాయి అందింది,” అంది పెట్టె.

ఇద్దరూ దానివంక చూశారు.

“కొట్టు మూసుంది కదండీ,” అంది ఆవిడ. “ఎవరు పంపినట్టు?”

పనిచేస్తోందో లేదో చూడ్డానికి కంపెనీ మనిషి రూపాయి పంపాడన్న పెద్దాయన మాట జిడ్డు చెవిలో మోగింది. మీట నొక్కగానే, లోపలున్న సిమ్ కార్డు వల్ల, ఈ పెట్టె బతికే ఉందనీ, ఏ ఇంట్లో ఉందో కూడా కంపెనీకి తెలిసిపోయింది. అది బయటపడితే ముప్పన్న ఆలోచన తెల్లచొక్కా బుర్రలో వేసింది ఎవరు? తనే. వాడి ముందు ఉఫ్ అని ఊది, గొప్ప కోసం.

“అమ్మా, ఆసుపత్రిలో మీవారి దగ్గర ఇప్పుడెవరున్నారు?”

“ఆ తెల్లచొక్కా సారేనండీ. ఎంత మంచాయనో. మీరెళ్ళి స్నానం చేసి కాస్త ఎంగిలిపడి రండమ్మా, అందాకా నేను కూర్చుంటా అన్నారు.”

ఇక్కణ్ణించి ఆసుపత్రికి ఎంత పరుగెత్తినా పావుగంట. కొట్టు వెనక గుమ్మం దాటితే రెండు నిమిషాలు. జిడ్డు ఫోన్ తీసి పెద్దాయనకి చేశాడు.

“మీ తమ్ముడి గదికి పరుగెత్తండి. తెల్లచొక్కా వేసుకున్నవాణ్ణి మంచం దగ్గరికి రానివ్వకండి.”

“నేనా?” అవతల ఆకురాయి కిందపడిన చప్పుడు. “గుమ్మంలో కానిస్టేబుల్ ఉన్నాడు సార్. కదిలితే పారిపోయాననే అంటారు. నేనే కొట్టానని రాసేస్తారు.”

“రాస్తారు. అయినా వెళ్ళండి.”

ఫోన్ పెట్టేసిన చప్పుడు రాలేదు. స్టూలు బోర్లాపడింది, వెనక గుమ్మం గొళ్ళెం ఊడింది, ముసలి కాళ్ళు దబదబా పరుగెత్తిన చప్పుడు దూరమైంది. ఆ వెంటే “ఆగు! ఆగకపోతే కాల్చేస్తా!” అని కానిస్టేబుల్ కేక.

జిడ్డు చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దూకాడు. వెనక, ఆవిడ ఒళ్ళో, పెట్టె మళ్ళీ అరిచింది.

“ఒక్క రూపాయి అందింది.”